తువాస్ కబుర్లు: పేరు రాసిన పఫ్

రోస్ట్ డిన్నర్ అనేది కూర్చుని తినే భోజనం. దానికి పెద్ద బల్ల కావాలి. బల్ల మధ్యలో కాల్చిన కోడో, టర్కీ కోడో కావాలి. చుట్టూ వేయించిన దుంపలు, కేరట్లు, గ్రేవీ గిన్నె, పుల్లపుల్లగా తియ్యతియ్యగా ఉండే క్రాన్‌బెర్రీ సాస్ కావాలి. కత్తి పట్టుకుని ముక్కలు కోసి అందరికీ వడ్డించే పెద్దమనిషి ఒకరు కావాలి. వీటన్నిటికంటే ముందు, తినేవాళ్ళందరికీ ఒకే రోజు, ఒకే వేళకి తీరిక కావాలి. మిగతావన్నీ సింగపూర్‌లో డబ్బు పెడితే దొరుకుతాయి. ఈ ఆఖరిది తువాస్‌లో దొరకదు.

అందుకని మా ఇంట్లో ఆ డిన్నర్‌ని మడతపెట్టేస్తాం. మైదా రొట్టెలో పెట్టి, సగానికి మడిచి, అంచులు నొక్కి, ఓవెన్‌లో కాల్చి, డబ్బాలో సర్దుకుని షిఫ్ట్‌కి పట్టుకెళ్తాను. ఈ నెల కబుర్లు దాని గురించే. చేసే పద్ధతి కూడా ఇస్తున్నాను, కానీ నేను నిజంగా చెప్పాలనుకున్నది పద్ధతి తర్వాత వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి తువాస్ గురించి నాలుగు ముక్కలు. సింగపూర్ పటంలో పడమటి చివర్న చూపుడు వేలు పెట్టండి, అదే తువాస్. ఆకుపచ్చ ఎంఆర్‌టీ లైను ఇక్కడితో ఆగిపోతుంది. ఆఖరి స్టేషన్ తువాస్ లింక్, 2017 జూన్ 18న తెరిచారు. దాటితే సముద్రం, సముద్రం మీద 1998లో తెరిచిన వంతెన, వంతెన అవతల మలేషియా. ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు, మందుల కంపెనీలు, 2022లో లాంఛనంగా ప్రారంభించిన కొత్త ఓడరేవు. సంసారాలుండే ఇళ్ళు దాదాపు కనబడవు. ఇక్కడ నివాసం అంటే ఎక్కువగా పనివాళ్ళ డార్మిటరీలే. నేనుండేది జురాంగ్ వెస్ట్‌లో, ఇక్కడికి వచ్చేది పనికి మాత్రమే.

డిసెంబర్‌లో టూరిస్టులందరూ ఫొటోలు తీసుకునే క్రిస్మస్ దీపాలు ఆర్చర్డ్ రోడ్డువి. 1984లో మొదలైన వేడుక అది. తువాస్‌లో క్రిస్మస్ అంటే మా గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో మోకాలెత్తు ప్లాస్టిక్ చెట్టు, దానికి చుట్టిన ఒక సీరియల్ బల్బుల దండ. అంతే.

నా ఉద్యోగం ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకోవడం. ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ మాకూ ఒక తేడా ఉంది. ఉత్పత్తి లైను నడుస్తున్నప్పుడు మేం దేన్నీ ముట్టుకోకూడదు. లైను ఆగేది పండగలకి. అంటే లోకానికి సెలవొచ్చినప్పుడే మాకు అప్‌గ్రేడ్లు వస్తాయి. పోయిన ఏడాది డిసెంబర్ 24 రాత్రి నుంచి 25 పొద్దున్న వరకూ అలాంటిదే ఒకటి.

ఆ రాత్రి ఎవరుంటారు అనేదానికి ఒక అలిఖిత పద్ధతి ఉంది. చైనీస్ కొత్త సంవత్సరానికి చైనీస్ కొలీగ్స్ ఇంటికెళ్తే మలయ్ వాళ్ళూ మనవాళ్ళూ కాపు కాస్తారు. హరి రాయకి వాళ్ళు వెళ్తే మిగతావాళ్ళం ఉంటాం. దీపావళికి మా వంతు. సంక్రాంతికీ ఉగాదికీ ఇక్కడ సెలవు లేదు, అది వేరే బాధ. క్రిస్మస్ రాత్రికి వచ్చేసరికి పండగ లేనివాళ్ళతోపాటు పండగ ఉండి కూడా వెళ్ళనివాళ్ళు కొందరు మిగులుతారు. పబ్లిక్ హాలిడే నాడు పనిచేస్తే ఇంకో రోజు జీతం అదనంగా వస్తుంది. ఊళ్ళో అప్పు ఉన్న కుర్రాడికి ఆ ఒక్క రోజు జీతం చిన్న మాట కాదు.

ఆ రాత్రి మేం తొమ్మిది మందిమి. నేను, ఇద్దరు మలయ్ వాళ్ళు, ఒక చైనీస్ ఇంజనీరు, ఒక ఫిలిప్పీన్స్ ఆపరేటర్, ఒక తమిళ అక్క (క్వాలిటీ విభాగం, శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు), కాంట్రాక్టు మీద వచ్చిన ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరిది శ్రీకాకుళం, ఒకడిది కృష్ణా జిల్లా. కృష్ణా జిల్లా తమ్ముడు క్రైస్తవుడు. దేశం దాటి వచ్చాక అతనికి అదే మొదటి క్రిస్మస్.

డిన్నర్‌ని పిండిలో చుట్టడం నా తెలివేం కాదు. ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో తగరం గనుల కార్మికులు ఇలాగే తిన్నారు. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, స్వీడ్ అనే ఒక రకం దుంప లోపల పెట్టి, అర్ధచంద్రాకారంలో మడిచి కాల్చినది కార్నిష్ పేస్టీ. మన బందరు లడ్డూకి ఉన్నట్టే దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది, యూరప్‌లో 2011లో వచ్చింది. అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఒక మూల తినేవాడి పేరు పొడి అక్షరాలు పిండితో అతికించేవారట. చీకట్లో, పది మంది మధ్యలో, సగం తిని పక్కన పెట్టినా ఎవరిది వాడికి తెలిసేది.

సింగపూర్‌లో దీని బంధువు కర్రీ పఫ్. 1956లో రెక్స్ సినిమా హాలు దగ్గర చిన్న స్టాల్‌గా మొదలైన ఓల్డ్ చాంగ్ కీ ఇప్పుడు ఎంఆర్‌టీ స్టేషన్లలో కనబడుతుంది. లోపల కోడి, దుంప, ఒక ఉడికిన గుడ్డు ముక్క. హైదరాబాద్ పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళకి లుక్మీ తెలుసు. నలుచదరంగా, లోపల ఖీమాతో, బిర్యానీకి ముందు వచ్చేది. లుక్మా అంటే ముద్ద అని అర్థం. ఇక మన కజ్జికాయ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తెలంగాణలో గర్జెలంటారు. కొబ్బరి బెల్లమో, పుట్నాలపప్పు పంచదారో లోపల. ఆకారం చూస్తే ఇది పేస్టీకి కవల పిల్ల. మనం దాన్ని తీపికే కట్టేశాం. మా అమ్మ ఊరినుంచి పంపిన కజ్జికాయల అచ్చు నా దగ్గరుంది. దాంట్లో కోడి మాంసం పెడుతున్నానని ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఇక పద్ధతి. 16 పఫ్‌లకి.

పైపొరకి అరకిలో మైదా, 250 గ్రాముల బటర్, ఒక చెంచా ఉప్పు, 120 మిల్లీలీటర్ల ఐసు నీళ్ళు. మైదాకి సగం బటర్ అని గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్ని చేసినా లెక్క కుదురుతుంది. బటర్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చిన్న ముక్కలుగా కోసి, మైదాలో వేలి కొసలతో నలపాలి. రవ్వలాగా అవ్వాలి, ముద్ద కాకూడదు. ఇక్కడే సింగపూర్ వాతావరణం అడ్డం పడుతుంది. ఉక్కపోతకి బటర్ ఐదు నిమిషాల్లో నూనెలా కారిపోతుంది. బటర్ చిన్న చిన్న పలుకులుగా మిగిలి, ఓవెన్ వేడికి కరిగి ఆవిరి వదిలితేనే పొర గుల్లగా వస్తుంది. ముందే కరిగిపోతే బిస్కట్ అవుతుంది. అందుకని నేను బెడ్‌రూమ్‌లో ఏసీ 18లో పెట్టి, పీట అక్కడికి తీసుకెళ్ళి చేస్తాను. నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లి, పిండి దగ్గరకు రాగానే ఆపాలి. చపాతీ పిండిలా పిసకొద్దు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి.

లోపలికి అసలు టర్కీ పెట్టాలి. కానీ మా ఇంటి ఓవెన్‌లో టర్కీ పట్టదు, పట్టినా రొమ్ము మాంసం ఎండిపోయి పీచు పీచుగా వస్తుంది. ఎముకతో ఉన్న కోడి తొడలు 800 గ్రాములు తీసుకోండి. ఉప్పు, మిరియాల పొడి, వెల్లుల్లి, కొంచెం బటర్, దొరికితే సేజ్ ఆకు పట్టించి 200 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు కాల్చండి. అదే పళ్ళెంలో పావుకిలో బంగాళాదుంప ముక్కలు, రెండు కేరట్లు, రెండు ఉల్లిపాయలు పరచండి. కోడి కొవ్వులో వేగిన దుంప రుచి నూనెలో వేగిన దుంపకి రాదు. ఒక గుప్పెడు చెస్ట్‌నట్లు, చైనాటౌన్ బండ్ల మీద కాల్చి అమ్మేవే, ఒలిచి చిదిమి కలపండి.

పళ్ళెం అడుగున మిగిలిన రసంలో ఒక చెంచా మైదా వేసి వేయించి, 150 మిల్లీలీటర్ల నీళ్ళో స్టాకో పోసి గ్రేవీ కాయండి. ఇది గరిటె నుంచి జారకుండా అంటుకునేంత చిక్కగా ఉండాలి. పల్చగా ఉంటే పఫ్ అడుగు మెత్తబడి చిరుగుతుంది. మాంసం ఎముక నుంచి తీసి, అన్నీ చిన్న ముక్కలు చేసి, గ్రేవీతో కలిపి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి కూర పెడితే బటర్ పొర లోపలినుంచి కరుగుతుంది.

క్రాన్‌బెర్రీ సాస్‌లో రెండు ఎండు మిరపకాయలు వేయించి నలిపి కలుపుతాను. శ్రీకాకుళం వాళ్ళకి పెట్టే వాటిలో దాని బదులు అర చెంచా గోంగూర పచ్చడి. తీపి ఒక్కటే తక్కువ, పులుపు మాత్రం గోంగూరదే పైచెయ్యి.

పిండిని 16 ఉండలు చేసి, ఒక్కోటి 13 సెంటీమీటర్ల వెడల్పున వత్తి, మూడు నాలుగు చెంచాల కూర, పైన అర చెంచా సాస్ పెట్టి మడవండి. అచ్చు ఉంటే అచ్చులో, లేకపోతే చేత్తో అంచు మెలిపెట్టండి. పైన కత్తితో చిన్న గాటు, ఆవిరి పోవడానికి. గిలక్కొట్టిన గుడ్డు పూసి 200 డిగ్రీల్లో పావుగంట, తర్వాత 180కి తగ్గించి ఇంకో పావుగంట. శాకాహారం పఫ్‌లకి గుడ్డు బదులు పాలు. దుంప, కేరట్, బఠానీ, జీడిపప్పు, చెస్ట్‌నట్, మిరియాలు, విడిగా వేరే పళ్ళెంలో వేయించుకోవాలి. అవి నేను ముందే కాల్చి తీసేస్తాను, తర్వాతే కోడి వాటిని పెడతాను. బయట నాలుగు గంటలకి మించి ఉంచొద్దు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు మళ్ళీ లోపలిదాకా బాగా వేడి చెయ్యాలి. ఎంఆర్‌టీలో పట్టుకెళ్ళచ్చు, తినకూడదు. తింటే 500 డాలర్ల దాకా జరిమానా. ఆకలి మీద ఉన్న పెట్టెలో ఆ వాసనతో కూర్చోవడం కూడా చిన్న శిక్షే.

ఇప్పుడు పేర్ల సంగతి. తొమ్మిది మంది, నాలుగు రకాల కడుపులు. పైనుంచి చూస్తే అన్ని పఫ్‌లూ ఒకటే. కార్న్‌వాల్ వాళ్ళని తలుచుకుని, మిగిలిన పిండిని జంతికల్లా సన్నగా పాకించి ఒక్కొక్కళ్ళ పేరు మొదటి అక్షరం తెలుగులో చుట్టి అతికించాను. మన లిపి ఇందుకే పుట్టిందేమో అనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు మూలల దగ్గర విరుగుతాయి, మనవి మెలి తిరిగి కూర్చుంటాయి. ఫిలిప్పీన్స్ ఆయన తన పఫ్ మీద ఉన్న అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పువ్వా, పామా అని అడిగారు. నీ పేరే అన్నాను. ఫొటో తీసి వాళ్ళావిడకి పంపారు.

అక్షరం పెట్టాలంటే ముందు ఎవరేం తింటారో అడగాలి. అడిగాను. మా షిఫ్ట్ లీడ్‌ని మేం అబాంగ్ అని పిలుస్తాం, మలయ్‌లో అన్నయ్య అని. ఆయన మొహమాటం లేకుండా అడిగారు. "కోడి ఎక్కడ కొన్నావు? నీ ఓవెన్‌లో, ఆ పళ్ళాల్లో ఇదివరకు ఏమేం వండావు?" ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోడి హలాల్ సర్టిఫికెట్ ఉన్న దుకాణంలోదే, కానీ పళ్ళాలు అన్నిటికీ వాడినవే. ఆయన నవ్వి, "అయితే నేను తినకూడదు, ఏమీ అనుకోకు. కానీ నీ పక్కన కూర్చుని తింటాను" అన్నారు. నేను వాళ్ళిద్దరి కోసం హలాల్ కర్రీ పఫ్‌లు కొని, పెట్టె విప్పకుండా తీసుకెళ్ళాను. పెట్టె మూత మీద రెండు పేర్లు తెలుగులోనే రాశాను. ఆయన ఆ పెట్టె ఇంటికి తీసుకెళ్ళారు, మూత కోసం.

రాత్రి రెండున్నరకి సర్వర్లు రీస్టార్ట్ అవుతుండగా పాంట్రీలో కూర్చున్నాం. శ్రీకాకుళం ఆయన కొరికి, "ఏటన్నా ఇది, కజ్జికాయలో కోడికూర ఎట్టీసినావు!" అని ఇంకోటి తీసుకున్నారు. కృష్ణా జిల్లా తమ్ముడు తినట్లేదు. తన అక్షరం ఉన్న పఫ్ చేతిలో పట్టుకుని అబాంగ్ ముందున్న విప్పని పెట్టె వైపు చూస్తున్నాడు. ఏం తమ్ముడూ అన్నాను.

"క్రిస్మస్‌కి మా అమ్మ కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసేదన్నా. వీధిలో అందరికీ పళ్ళేల్లో పెట్టి పంపేది, నేనే మోసేవాణ్ణి. కొన్ని ఇళ్ళకి మాత్రం చేసినవి పంపేది కాదు. బజార్లో కేకు పెట్టె కొనేది, సీలు తీయకుండా ఇచ్చి రమ్మనేది. వాళ్ళు తీసుకునేవాళ్ళు. మా పళ్ళెం అయితే తీసుకోరని అమ్మకి తెలుసు. ఎవరూ ఏమీ అనలేదన్నా. నన్నెవరూ ఏమీ అడగలేదు కూడా."

అలా అని పఫ్ కొరికాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెలుగు రాని వాళ్ళు కూడా.

ఇదే నేను చెప్పాలనుకున్నది. ఆ రాత్రి బల్ల మీద ఉన్నదీ విప్పని పెట్టే, ఆ కుర్రాడు చిన్నప్పుడు మోసినదీ విప్పని పెట్టే. చూడ్డానికి రెండూ ఒకటే. "మనుషులందరికీ ఏదో ఒక పట్టింపు ఉంటుంది లెండి, వాళ్ళకి హలాల్, వీళ్ళకి మడి" అని సర్దిచెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను, మా బంధువుల్లోనే. ఆ సర్దుబాటు నాకు ఒప్పుదల కాదు.

అబాంగ్ అడిగింది కోడి గురించి, పళ్ళెం గురించి. దానికి నా జవాబు మార్చుకోగలను. కొత్త పళ్ళాలు కొంటే, వాటిని విడిగా ఉంచితే, ఆయన నా చేతి వంట తింటారు. ఆయనకి నా చేత్తో పేచీ లేదు. అందుకే నోరు తెరిచి అడగగలిగారు, నేను నొచ్చుకోకుండా చెప్పగలిగాను. తమిళ అక్క గుడ్డు వద్దన్నదీ అంతే, పాలు పూస్తే సరిపోయింది. ఆ ఊరి ఇళ్ళల్లో కజ్జికాయలో ఏముందని ఎవరూ అడగలేదు. అదే కొబ్బరి, అదే బెల్లం, వాళ్ళింట్లో చేసుకునేదే. వాళ్ళ పేచీ చేసిన చేత్తో. ఆ తల్లి ఎన్ని కొత్త గిన్నెలు కొన్నా ఆ పేచీ తీరదు. అందుకే దాన్ని ఎవరూ పైకి అడగరు. అడిగితే ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో అడిగినవాళ్ళకే వినబడుతుంది.

ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి అందరూ ఒకటే తినక్కర్లేదు. ఎవరేం తింటారో అడిగి, గుర్తుపెట్టుకుని, పేరు రాసి పెడితే చాలు. బల్ల దగ్గరకి ఎవరు వండితే తింటాం అనే లెక్క వచ్చిందా, ఎంత మంచి రోస్ట్ అయినా అక్కడ డిన్నర్ లేనట్టే.

తెల్లారి ఆరున్నరకి అప్‌గ్రేడ్ అయిపోయింది. అతను డార్మిటరీ బస్సు ఎక్కుతూ అడిగాడు, "అన్నా, ఆ అచ్చు నీ దగ్గరుందన్నావుగా, వచ్చే ఏడు ఒకసారి వాడుకోనా?"

డార్మిటరీలో ఓవెన్ లేదు, మూకుడు పెట్టుకునే తీరికా లేదు. ఈ 24న మా ఇంటికి రమ్మన్నాను. ఫోన్‌లో వాళ్ళమ్మగారు కొలతలు చెబుతారట. మేం టెక్కా మార్కెట్ నుంచి కొబ్బరికాయలు, బెల్లం తెచ్చి ఉంచాం. చేసేది అతను, పంచేది మా బ్లాక్‌లో నాలుగు అంతస్తులకి. ప్రతి తలుపూ కొట్టి, ఇందులో ఏముందో ముందే చెప్పి, ఎవరు చేశారో కూడా చెప్పి ఇద్దామని అనుకున్నాం. మోయడానికి ఈసారి నేనూ ఉంటాను.